కార్డు మీద నేను రాసిన బీ

రక్తం గ్రూపు చూడటం రెండు నిమిషాల పని. తెల్లటి పలక మీద మూడు చుక్కల రక్తం, ఒక్కోదాని పక్కన ఒక్కో మందు చుక్క, కలపడానికి పుల్ల. కలిపాక రక్తం రవ్వరవ్వగా విరిగితే ఆ గ్రూపు ఉన్నట్టు, విరగకపోతే లేనట్టు. డిప్లొమా మొదటి ఏడాది పిల్లలు కూడా చేసేస్తారు. నేను ముప్పై ఏళ్లకు పైగా చేశాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా నాకు భయం తీరని పని ఇదొక్కటే.

మా టెక్కలి, పలాస వైపు ఈమధ్య చాలామంది పిల్లలు ల్యాబ్ టెక్నీషియన్లుగా చేరుతున్నారు. కొందరు ఇంటికొచ్చి అనుభవాలు చెప్పమంటారు. నేను ఎక్కడెక్కడ పనిచేశాను, ఎప్పుడు పెద్ద పోస్టు వచ్చింది అన్నవి వాళ్లకు పనికిరావు. అందుకని నేను చేసిన తప్పు గురించి రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఆసుపత్రి పేరు రాయను. ఇందులో వచ్చే ఆవిడను అడిగాకే రాస్తున్నాను.

పేరు అడగడం

నేను చేరిన కొత్తలో మా ల్యాబులో ఒక సీనియర్ ఉండేవారు. మాట కటువు. ఆయన నాకు మొదటి నెలలోనే నేర్పిన పాఠం ఒకటుంది.

కాన్పుల వార్డులో ఒకేరోజు ఇద్దరు లక్ష్మిలు. ఇంటిపేర్ల మొదటి అక్షరం కూడా ఒకటే. ఒకామెది ఏ, ఇంకొకామెది బీ. నేను రక్తం సంచి పట్టుకుని వెళ్లి మంచం పక్కన నిలబడి, "లక్ష్మివేనా అమ్మా?" అని అడిగాను. ఆమె తలాడించింది. సంచి నర్సు చేతికి ఇవ్వబోతుంటే వెనక నుంచి సీనియర్ వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. సంచి మీద నంబరు, మంచం మీది కాగితం చూపించారు. నేను వేరే లక్ష్మి దగ్గర ఉన్నాను.

"ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషి ఏటడిగినా ఊఁ అంటాది. పేరు నువ్వు సెప్పకు. ఆమె సేత సెప్పించు" అన్నారాయన.

ఇది ఎందుకు ప్రాణాల మీది సంగతో చెప్పాలి. మన ఎర్ర కణాల మీద ఏ అనే గుర్తు ఉండొచ్చు, బీ అనే గుర్తు ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు, రెండూ లేకపోవచ్చు. రెండూ ఉంటే ఏబీ అంటాం, ఏదీ లేకపోతే ఓ అంటాం. మనకు లేని గుర్తు ఏదైతే దానికి విరోధులు, అంటే యాంటీబాడీలు, మన రక్తపు నీటిలో, అంటే సీరమ్‌లో, పుట్టిన కొన్ని నెలలకే తయారై కూర్చుంటాయి. బీ గ్రూపు మనిషికి ఏ రక్తం ఎక్కిస్తే ఆ విరోధులు వచ్చిన కణాల్ని వచ్చినట్టే పగలగొడతాయి. కొద్దిపాటి రక్తానికే వణుకు వస్తుంది, నడుం నొప్పి వస్తుంది, కిడ్నీలు ఆగిపోతాయి. అప్పుడు సంచి తీసేసినా కొన్నిసార్లు మనిషి దక్కదు.

ఆ రోజు నుంచి పేర్ల దగ్గర నేను తప్పు చేయలేదు. వేరే దగ్గర చేశాను.

పూండి దగ్గర బడిలో

ఆరేడేళ్ల కిందటి మాట. పూండి దగ్గర ఒక ఊరి బడిలో పిల్లల గుర్తింపు కార్డుల మీద గ్రూపు రాయాలన్నారు. నన్ను పంపించారు. వరండాలో బల్ల వేశారు. ఎండ సగం బల్ల మీదికి వస్తోంది. మందు సీసాలున్న ఐసు డబ్బాలో మధ్యాహ్నానికి ఐసు కరిగి నీళ్లే మిగిలాయి. తీసి పెట్టుకోవడానికి వేరే సీసాలు లేవు. పిల్లలు అయిపోయాక, వచ్చిన తల్లిదండ్రులు మాకూ చూడండి అన్నారు. కాదనలేకపోయాను.

వాళ్లలో ఢిల్లేశ్వరరావు ఒకరు. జీడితోట, కొద్దిగా కొబ్బరి ఉన్న రైతు. నెమ్మదైన మనిషి. వేలు గుచ్చితే నవ్వారు. పలక మీద బీ దగ్గర రాళ్లలా విరిగింది. ఏ దగ్గర ఏమీ కనపడలేదు. బీ పాజిటివ్ అని కార్డు రాసిచ్చాను. కూతురు ఝాన్సీ అప్పటికి ఎనిమిదో తరగతి. ఆమెది ఏ పాజిటివ్.

ఆయన రెండు కార్డులు పక్కపక్కన పెట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత నా దగ్గరికి వంగి అడిగారు.

"మా ఆవిడిది ఓ అండి, కాన్పప్పుడు రాసేరు. నాది బీ. మరి పాపకి ఏ ఎలాగొచ్చిందండి?"

నేను తల ఎత్తలేదు. ఇంకో పిల్లవాడి కార్డు రాస్తున్నాను. "ఓకీ బీకీ ఏ పుట్టదండి" అన్నాను. తప్పు జవాబుకు తప్పు కొట్టే టీచరులా అన్నాను. "ఎవరిదో కార్డు తప్పయ్యుంటుంది, చూసుకోండి" అని కూడా అన్నాను. తప్పు బయటపడ్డాక, ఆ రెండో వాక్యం నన్ను కాపాడుతుందని కొన్నాళ్లు అనుకున్నాను. అది కాపాడలేదు.

నేను చెప్పిన సూత్రం తప్పు కాదు. బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఓ తల్లి దగ్గర ఇవ్వడానికి ఏ లేదు, బీ లేదు. బీ తండ్రి బీ ఇస్తాడు, లేదంటే ఓ ఇస్తాడు. కాబట్టి బిడ్డ బీ కావాలి, లేదా ఓ కావాలి. ఏ రావడానికి దారి లేదు. పుస్తకం సరిగ్గానే ఉంది. తండ్రి కార్డు మీద నేను రాసిన అక్షరమే సరిగ్గా లేదు.

తర్వాత తెలిసింది, ఆయన నా మాట విని నిజంగానే చూసుకున్నారు. ఏదో వంక పెట్టి భార్యను పలాస తీసుకెళ్లి ల్యాబులో మళ్లీ చూపించారు. ఓ అనే వచ్చింది. కూతురికి జ్వరం వచ్చినప్పుడు ఆమెదీ చూపించారు. ఏ అనే వచ్చింది. తనది మాత్రం మళ్లీ చూపించుకోలేదు. తన కార్డు తప్పయ్యుంటుందన్న ఆలోచన ఆయనకు రాలేదు. అది గవర్నమెంటు మేడమ్ చేత్తో రాసిన కార్డు.

ఆయన వద్దన్నారు

మా వైపు ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. నాలుగేళ్లకు ఆయనకూ వచ్చింది. మొదట బీపీ, తర్వాత కాళ్ల వాపు, తర్వాత వారానికి మూడుసార్లు డయాలసిస్. కిడ్నీ ఎవరైనా ఇస్తే మార్చొచ్చని డాక్టర్లు చెప్పారు. ఆయన భార్య దమయంతి నేనిస్తానంది. ఆమెది ఓ. ఓ కిడ్నీ మీద ఏ గానీ బీ గానీ ఉండవు కాబట్టి గ్రూపు వరకు ఎవరికైనా సరిపోతుంది.

ఢిల్లేశ్వరరావు వద్దన్నారు. డాక్టర్లు రెండుసార్లు పిలిచి చెప్పినా వద్దన్నారు. భార్య ప్రాణం మీదికి తేలేక వద్దంటున్నాడని ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది. ఈ సంగతి నేను డయాలసిస్‌లో పనిచేసే నర్సు నోట విన్నాను. అప్పుడు ఆయన ఎవరో నాకు గుర్తులేదు. నేనూ మెచ్చుకున్నాను.

రెండు పరీక్షలు ఒప్పుకోలేదు

ఆయన డయాలసిస్ మొదలైన రెండేళ్లలో మా బ్లడ్‌బ్యాంకుకు కొత్త డాక్టరుగారు వచ్చారు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. పలక మీద గ్రూపు చూసి సంచి ఇవ్వడం ఇకమీదట కుదరదంది. ట్యూబులో చూడాలి, పైగా రెండు వైపుల నుంచి చూడాలి. మనిషి కణాల్ని మందుతో కలిపి చూడటం ఒకటి. మనిషి సీరమ్‌ను తెలిసిన ఏ కణాలతో, బీ కణాలతో కలిపి చూడటం రెండోది. రెండూ ఒకే జవాబు చెప్పాలి. ఇది పుస్తకంలో మొదటి నుంచీ ఉంది. పని ఎక్కువ, మనుషులు తక్కువ అని మేమే వదిలేశాం. ఇన్నేళ్లు ఏం కాలేదు కదమ్మా అని నేను ఆమెతో వాదించాను కూడా. ఏం కాలేదని మీకెలా తెలుసు అని ఆమె అడిగింది. నాకు కోపం వచ్చింది.

ఒకరోజు ఉదయం డయాలసిస్ నుంచి రక్తం కావాలని శాంపిల్ వచ్చింది. ఢిల్లేశ్వరరావు, బీ పాజిటివ్ అని కాగితం. కణాలు బీ మందుతో గట్టిగా విరిగాయి. ఏ మందుతో ట్యూబు తిప్పి వెలుతురుకు పెట్టి చూస్తే అడుగున సన్నని ఇసుకలా ఏదో ఉంది. మురికేమో అనుకున్నాను. సీరమ్ చూశాను. బీ గ్రూపు మనిషి సీరమ్ ఏ కణాల్ని విరగ్గొట్టాలి. విరగ్గొట్టలేదు. కణాలు మెత్తగా, పొగలా పైకి లేచాయి.

శాంపిల్ మారిపోయిందనుకున్నాను. నేనే వెళ్లి, పేరు ఆయన చేత చెప్పించి, మళ్లీ తీశాను. మళ్లీ అదే వచ్చింది. డాక్టరుగారు ఇంకో మందు వేసి చూసి, విశాఖ పెద్ద ల్యాబుకు కూడా పంపి నిర్ధారించింది. ఆయనది బీ కాదు. ఏబీ. అందులో ఏ చాలా బలహీనమైనది, ఏ-లో రెండో రకం, ఏటూ (A2) అంటాం. అలాంటి ఏ, పక్కన బీ ఉన్నప్పుడు మరీ అణిగిపోతుంది. హడావుడిలో, వేడెక్కిన మందుతో, పలక మీద చూసేవాళ్లకు కనపడదు. బిడ్డలో తల్లి ఇచ్చిన ఓ పక్కన అది ఒంటరిగా ఉంటుంది కాబట్టి తేటగా కనపడుతుంది.

ఈ తప్పు ఇన్నాళ్లు ఎందుకు దాగిందో కూడా చెప్పాలి. ఏబీ మనిషికి బీ కణాలు ఎక్కించినా ఏమీ కాదు. కానీ ఆయన ఎక్కడైనా బీ అనుకుని రక్తం ఇచ్చి ఉంటే? దాన్ని ఎవరో బీ పేషెంటుకు ఎక్కించి ఉంటే? రిజిస్టర్లు తీసి పాత పేజీలు వేలు పెట్టి చదివాను. మా జిల్లాలో ఢిల్లేశ్వరరావులు ఎందరున్నారో ఆ రెండు రోజుల్లో తెలిసింది. ఒక్కో పేరు దగ్గర ఆగి ఊరి పేరు చూసుకున్నాను. చివరికి ఆయన్నే అడిగాను. ఒకసారి శిబిరానికి వెళ్లాననీ, బీపీ ఎక్కువుందని వెనక్కి పంపేశారనీ చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు.

పూండి బడి గుర్తొచ్చింది మాత్రం ఆయన జేబులోంచి పాత కార్డు తీసినప్పుడు. చేతిరాత నాది.

చెప్పడం

డాక్టరుగారితో అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. ఆ రోజు చూసిన పిల్లలందరికీ మళ్లీ చూడాలని బడికి ఉత్తరం పెట్టించింది. చదువు పూర్తయి వెళ్లిపోయినవాళ్లలో దొరికినవాళ్లకే చూడగలిగాం. దొరకనివాళ్ల గురించి ఇప్పటికీ నాకు బెంగే.

ఝాన్సీ రక్తం కూడా తెప్పించి చూద్దామన్నాను. ఆమెలోనూ అదే బలహీనమైన ఏ ఉంటే ఆయన మనసు కుదుటపడుతుందన్నాను. డాక్టరుగారు వద్దంది. "ఆ పరీక్ష ఆయన కోసమా, మీ కోసమా?" అంది. అడగని పరీక్ష ఎవరికీ చెయ్యకూడదంది. అప్పుడు కష్టంగా తోచింది గానీ ఆమె మాటే సరైనది.

ఆయన్ని ఒక్కరినే మా గదిలో కూర్చోబెట్టి చెప్పాను. మీ గ్రూపు నేను తప్పు రాశాను, మీది ఏబీ, ఏబీకీ ఓకీ ఏ బిడ్డ పుట్టడం మామూలు విషయం అన్నాను. ఆయన చేతికి డయాలసిస్ కట్టు ఉంది. దాని మీద రెండో చెయ్యి పెట్టుకుని అడిగారు.

"అంటే పాప నాదేనా మేడమ్?"

అవునండి అని అనాలనిపించింది. కానీ రక్తం గ్రూపు ఆ మాట చెప్పలేదు. ఫలానా మనిషి తండ్రి కాడని మాత్రం ఒక్కోసారి చెప్పగలదు, అదీ పరీక్ష సరిగ్గా చేస్తే. ఒకసారి ఎక్కువ మాట్లాడి ఇంత చేశాను. అందుకని, "కాదని ఆ రోజు నేనన్న మాటకి ఆధారం లేదు. ఉన్న అనుమానమల్లా నా మాట వల్ల వచ్చిందే. ఆ మాట తప్పు. క్షమించండి" అన్నాను.

ఆయన లేచి, కుర్చీ సర్ది పెట్టి, వెళ్లిపోయారు. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారమంతా డయాలసిస్ గది ముందు నుంచి నడవలేక చుట్టూ తిరిగి వెళ్లాను.

నెలలోపు దమయంతి కిడ్నీ తీసుకోవడానికి ఆయన ఒప్పుకున్నారని తెలిసింది. ఇద్దరూ విశాఖ వెళ్లారు. అక్కడ ఆమెకు అన్ని పరీక్షలూ చేసి ఇవ్వడానికి పనికిరాదన్నారు. ఆమె మూత్రంలోనూ ప్రోటీన్ పోతోంది, క్రియాటినిన్ పెరుగుతోంది, అంటే ఆమెకూ ఆ జబ్బే మొదలైంది. రెండేళ్ల కిందట మొదటిసారి ఇస్తానన్నప్పుడు చేసిన పరీక్షల్లో అవి మామూలుగానే ఉన్నాయట.

ఆ రెండేళ్లకు లెక్క చెప్పాల్సింది నేనే. ఆయన అనుమానించారు, నిజమే. అనుమానించడానికి అక్షరం ఇచ్చింది నేను.

దమయంతి

నేను రిటైరవడానికి కొద్దిరోజుల ముందు ఆమె ల్యాబుకు వచ్చింది. అదే మొదటిసారి చూడటం అనుకున్నాను. సన్నగా, పొడుగ్గా ఉంది. కూర్చోమ్మా అన్నా కూర్చోలేదు. తిట్టడానికి వచ్చిందనుకుని, తిట్టించుకోవడానికి సిద్ధపడి నేనే మొదలుపెట్టాను. మీ ఆయన మనసులో ఏముందో నీకు ఇన్నాళ్లు తెలియదు కాబోలు అన్నాను.

"తెలకపోడవేటి అమ్మగారూ. ఆ బడికాడి నుంచొచ్చిన దినం నుంచి ఆయన నాతోటి సరిగ్గా మాటాడనేదు. పలాస తీసుకెళ్లి నా రగతం సూపించేరు, పాపది సూపించేరు. బళ్లో సైన్సు మాట్టారినడిగితే ఓకీ బీకీ ఏటి పుడతాదో సెప్పేరు. అప్పుడు తెలిసింది."

మరి ఆయనతో ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

"ఆయన అడిగితే సెప్పుదును. అడక్కుండా నానే సెప్తే తప్పు సేసినదాన్లాగ ఉండదేటి?" అంది. "ఆయన కార్డు తప్పని నాకు తెల్సు. పాపెవరి బిడ్డో నాకు తెల్సు గదా. కార్డు తప్పని తెలిసినదాన్ని ఈ లోకంలో నానొక్కద్దాన్నే" అంది.

ఎంత సూటి లెక్క అది. మా ల్యాబులో ఎవరం వేయలేదు. తల్లి ఓ, బిడ్డ ఏ, భార్య అబద్ధం చెప్పడం లేదు అనుకుంటే తప్పు తండ్రి కార్డులోనే ఉండాలి. ఆ మూడో ముక్కను లెక్కలోకి తీసుకోవాలని మాకెవరికీ తోచలేదు.

అలాంటప్పుడు నా దగ్గరికే వచ్చి మళ్లీ చూడమని అడగాల్సింది కదమ్మా అన్నాను.

"వొచ్చేను" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె మా ల్యాబు కిటికీ వైపు చూపించింది. బడిలో కార్డులు రాసిన ఆ ఏడే, జీడిపిక్కల పని నడుస్తున్న రోజుల్లో ఒకపూట కూలి మానుకుని, పూండిలో రైలెక్కి వచ్చిందట. లైన్లో నిలబడిందట. మా ఆయన గ్రూపు ఇంకోపాలి సూస్తారా అమ్మా అని అడిగిందట. లోపలున్నది నేనే. మనిషి రాకుండా చూడం, డాక్టరు చీటీ కావాలి, అయినా గ్రూపు మారదమ్మా, ఒకసారి చూస్తే చాలు అని చెప్పి పంపేశానట.

నాకు గుర్తులేదు. ఎంత ప్రయత్నించినా ఆ ముఖం, ఆ రోజు గుర్తు రావు. అలాంటి జవాబు రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని. పలకలో తప్పు నా కళ్లది, మందుది, ఎండది కూడా అని సర్దుకోగలను. బడిలో అన్న మాట హడావుడిది అనుకోగలను. కిటికీ దగ్గర తప్పుకు అలాంటివేమీ లేవు. ఆ రోజు మందు సీసాలు చల్లగానే ఉండి ఉంటాయి. ఆయన్ని తీసుకురామ్మా, చూస్తాను అంటే సరిపోయేది.

కొత్తగా చేరే మీకు నేను చెప్పేది ఇదే. మీ కాగితం తప్పని ఎవరైనా వచ్చి అంటే, వాళ్లకు కారణం చెప్పడం రాకపోయినా, చదువు లేకపోయినా, మళ్లీ చూడండి. వాళ్లకు తెలిసింది మీ ట్యూబుకు తెలియకపోవచ్చు.

ఇప్పుడు మీ ఆయన ఎలా ఉన్నారని చివరికి అడిగాను. డయాలసిస్ నడుస్తోందని, తనకు కూడా మందులు రాశారని చెప్పింది. ఝాన్సీ డిగ్రీ రెండో ఏడు చదువుతోందట. ఏబీ మనిషికి తనలాంటి ఏ గ్రూపువాళ్ల కిడ్నీ పనికొస్తుందని ఎక్కడో చదివి, నేనిస్తానని పట్టుబడుతోందట.

"ఆయన వొద్దంటన్నారు" అంది దమయంతి, చెప్పులు వేసుకుంటూ. "ఈపాలి ఎందుకొద్దంటన్నారో నాకు సెప్పేరు."